జంతువు లేని గంట

కోటు తొడిగితే డ్యూటీ, కోటు విప్పితే సెలవు. కుక్కకైనా ఎంత తెలివిగా లెక్క కుదిర్చారు! మరి మనిషి కోటు ఎవరు విప్పుతారు, ఎప్పుడు విప్పుతారు, పడుకున్నప్పుడు కూడా విప్పని కోటు ఒకటుంటే దాన్నేమంటారు... మైసయ్య ఆలోచన అంతదాకా వచ్చి, చంద్రి తోక ముఖానికి తగలడంతో తెగిపోయింది.

"ఏందే, పొద్దుగాల్నే," అని ఆ బర్రె డొక్క మీద చేత్తో చరిచి, ముక్కాలి పీట ఇంకొంచెం దగ్గరికి లాక్కుని, దాని కడుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. పాలు పిండడం అయిపోయింది. పెద్దకొడుకు నందు క్యాన్లు ఆటోలో వేసుకుని పత్తర్‌గట్టి హోటళ్లకు వెళ్లిపోయాడు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ మీద బస్సుల మోత మొదలైంది. కొట్టంలో నాలుగు బర్రెలు నెమరు వేసే చప్పుడు ఆ మోతకు అడుగున, దానితో తనకేమీ పని లేనట్టు సాగుతోంది.

బనియను కింద, ఛాతీ చుట్టూ నల్లపట్టీ బిగించి ఉంది. మధ్యలో అగ్గిపెట్టెంత డబ్బీ. గుండె ఎలా కొట్టుకుంటోందో అది రాసుకుని, ఏ రోజుదారోజు యూనివర్సిటీకి పంపుతుందట. రోజుకు రెండు గంటలు. సాయంత్రం ఐదింటి నుంచి ఆరింటిదాకా కుక్కతో గంట. పొద్దున ఏడింటి నుంచి ఎనిమిదింటిదాకా జంతువు లేని గంట. పది రోజుల పని. ఇవాళ తొమ్మిదో రోజు.

"పొద్దుటి గంటలో మీ దగ్గర ఏ జంతువూ ఉండకూడదండీ మైసయ్య గారూ. ఈ కుక్క మిశ్రీ ఒక్కటే కాదు, ఏదీ," అని యూనివర్సిటీ నుంచి వచ్చిన శ్రవణ్ మొదటిరోజే ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మైసయ్య మాట అంటే మాటే. ప్రతిరోజూ ఏడు కాగానే మిశ్రీని ముందు వరండాలో కట్టేయించేవాడు. ప్రహరీ మీదికి వచ్చే పిల్లిని గులకరాయి వేసి తరిమేవాడు. నిన్న ఒక కాకి వచ్చి కుడితి తొట్టి మీద వాలితే దాన్నీ పొమ్మన్నాడు. అంతా అయ్యాక, డబ్బీ మీద బొత్తాం నొక్కి, వచ్చి ఇక్కడ తన చోట్లో కూర్చునేవాడు. బిడ్డ చదువుకు సంబంధించిన పని. తేడా రాకూడదు.

ఆ బిడ్డ యశోద. ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి. మనుషులకు తోడుగా ఉండేందుకు నేర్పిన కుక్కలు, మరే జంతువులైనా, మనిషి మనసుకు ఏం చేస్తాయో పరిశోధన చేస్తోంది. ఈ మాట బస్తీలో చెప్పడానికి మైసయ్యకు ఏడాది పట్టింది. మొదట్లో "సైకాలజీ" అనేవాడు. ఎవరైనా "అంటే ఏందన్నా" అని అడిగితే, "పెద్ద చదువు" అని ముగించేవాడు. కుక్కల మీద చదువుతోందని తెలిసిన రోజున చాయ్ హోటల్లో ఎవరో నవ్వారని నందు చెప్పాడు. ఆ రోజు మైసయ్య అన్నం తినలేదు. తరవాత ఒక రోజు యశోద మిశ్రీని తెచ్చింది. లేతపసుపు రంగు, వేలాడే చెవులు, నీలిరంగు కోటు. ఆ కోటు మీద అక్షరాలు చదివి అర్థం చెప్పింది: పనిలో ఉన్నాను, తాకకండి.

"కుక్కకు ఇజ్జత్ మస్తుందే," అన్నది మైసయ్య భార్య బాలమ్మ ఆశ్చర్యంగా. "నేను పనిల ఉంటే ఎవరన్న గిట్ల రాసి పెట్టిన్రా?"

ఏడాదికి పైగా ఇల్లు కదలని పెద్దవాళ్లు యూనివర్సిటీవాళ్లకు కావాలి. మొత్తం పద్నాలుగు మంది. మైసయ్యది పదకొండో నంబరు. సొంత మనిషి కాగితాలు యశోద చూడకూడదట, అందుకని శ్రవణ్ వచ్చి కూర్చుని పన్నెండు ప్రశ్నలు అడిగాడు. గుంపులో ఊపిరాడనట్టు ఉంటుందా? బయటికి వెళ్లాలంటే చేతులు చల్లబడతాయా? కారణం లేకుండా గుండె దడ వస్తుందా? మైసయ్య పన్నెండింటికీ "లేదు" అన్నాడు. మరి మూడేళ్లుగా ఇల్లు ఎందుకు కదల్లేదంటే, "మోకాళ్లు" అన్నాడు.

నిజానికి ఆ మోకాళ్లకు ఏ నొప్పీ లేదు. మూడేళ్ల కిందట, దీపావళి తరవాత సదర్ పండుగనాడు, కొమ్ములకు రంగులు, మెడలో గవ్వల పట్టెడ, కాళ్లకు గజ్జెలతో ఊరేగిస్తున్న అతని దున్నపోతు నవాబు గల్లీ మలుపులో, చాయ్ హోటల్ ముందు, ఉన్నట్టుండి మోకాళ్ల మీద కూలబడింది. మళ్లీ లేవలేదు. దూడగా ఉన్నప్పటి నుంచి ఆరేళ్లు పెంచినది. చుట్టూ జనం, బ్యాండు. అప్పటి నుంచి ఆ మలుపు దగ్గరికి రాగానే మైసయ్యకు ఊపిరి గొంతులో చిక్కుకునేది, వేళ్లు మొద్దుబారేవి, ఇక్కడే ఇప్పుడే పోతానని అనిపించేది. గుండె బాగానే ఉందన్నాడు డాక్టరు. గుండె బాగున్న మగవాడు మలుపు దాటలేకపోవడానికి ఒక పేరు ఉండాలి కదా. మోకాళ్లు ఆ పేరు మోశాయి. ప్రతి సాయంత్రం బాలమ్మ నువ్వులనూనె వేడిచేసి, నొప్పి లేని ఆ మోకాళ్లకు రాస్తుంది. లేదని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని అతనికి తెలుసు. మూడేళ్లుగా ఆ నూనె ఇద్దరి మధ్యా ఒక మర్యాదలా నడుస్తోంది.

అందుకే అతనికి సాయంత్రం గంట గిట్టదు. వరండాలో కుర్చీలో కూర్చుంటే మిశ్రీ ఎదురుగా కూర్చుని రెప్ప వేయకుండా చూస్తుంది. మొన్న ఊరికే ఆ మలుపు గుర్తొచ్చింది. ఊపిరి మారిందని తనకింకా తెలియకముందే అది లేచి వచ్చి, గడ్డం అతని తొడ మీద పెట్టి, తన బరువంతా ఆనించింది. చక్కగా నేర్పారు దాన్ని. మైసయ్యకు మాత్రం దొంగతనం చేస్తుండగా పోలీసు భుజం మీద చెయ్యి వేసినట్టయింది. గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంది.

ఎనిమిదయింది. బొత్తాం నొక్కి, పట్టీ విప్పి, చంద్రి వీపు నిమిరి లేచాడు. తేడా రాకుండా తొమ్మిది రోజులు. బిడ్డ పని తన వల్ల చెడలేదు.

పదకొండు కాకముందే యశోద ఇంటికి తిరిగొచ్చింది. శ్రవణ్ స్కూటర్ మీద. ఆ వేళకు ఎన్నడూ రాదు. చెప్పులు విడిచే తీరులోనే బాలమ్మకు అర్థమైపోయింది, చేతిలోని చేట పక్కన పెట్టింది. నందు అప్పుడే ఖాళీ క్యాన్లు కడిగి బోర్లిస్తున్నాడు.

"ఏమైందే చెల్లె? మొఖం గట్లున్నదేంది?"

"ఏం కాలే అన్నా. బాపు ఏడి?"

మైసయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. శ్రవణ్ లాప్‌టాప్ తెరిచాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇంటి పిల్లవాడు, మాట మెత్తన. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

"మైసయ్య గారూ, ఇది మీ గీత అండీ. పదకొండో నంబరు. మిగతా పదముగ్గురికీ కుక్క పక్కన ఉన్నప్పుడు గుండె నెమ్మదిస్తోంది. మీకు మాత్రం తిరగబడింది. కుక్కతో ఉన్న గంటలో దడ. ఏ జంతువూ లేని గంటలో... ఇదిగో చూడండి, పసిపిల్లాడు నిద్రపోతున్నట్టుంది."

"మంచిదే గదా," అన్నాడు మైసయ్య, కొంచెం గర్వంగా.

"మంచిది కాదు బాపూ," అంది యశోద. గొంతు బొంగురుగా ఉంది. "గిట్ల ఎవరికీ రాదు. రెండు గంటల పేర్లు అటుదిటు మార్చినట్టున్నది. మార్చాలంటే ఇంట్ల ఉన్నోళ్లే మార్చాలె. ఇంట్ల ఉన్నది నేను."

"అంటే?" నందు చేతిలో క్యాను మూత నేల మీద మోగింది. "మా చెల్లె దొంగ లెక్కలు రాసిందనా? ఎవరన్నరు? గా చదువు చెప్పే మేడమా?"

"నీహారిక మేడమ్ అట్లా అనలేదండీ," అన్నాడు శ్రవణ్ గబగబా. "పదకొండో నంబరు తీసేద్దామన్నారు. మాట రాకుండా యశోదను కొన్నాళ్లు ఈ పనికి పక్కన ఉండమన్నారు. అంతే."

"అంతేనా! దొంగ అనకుండ దొంగను చేసుడు అంటే గిదే."

"నువ్వు ఊకో అన్నా. మిశ్రీని గూడ శుక్రవారం తీస్కపోతరట," అంది యశోద. మిశ్రీ తన పేరు విని తోక ఒక్కసారి నేలకు కొట్టింది. "బాపూ, పట్టీ నువ్వే కట్టుకున్నవా? వేరేటోళ్లు ఎవరన్న కట్టుకున్నరా?"

"నా పట్టీ ఎవడు కట్టుకుంటడే?"

"పొద్దుగాల ఏడు కొట్టంగనే బొత్తాం నొక్కుతున్నవా?"

"ఏడుకు ఒక నిమిషం ముంగట గాదు, ఒక నిమిషం ఎన్క గాదు. మీ అమ్మనడుగు."

"నొక్కి ఏడ కూసుంటున్నవ్?"

"ఏడ కూసుంట? కొట్టంల."

శ్రవణ్ అద్దాలు తుడవడం ఆపాడు. "కొట్టంలోనా అండీ?"

"ఔ సారూ. మీరు చెప్పినట్లే ఒక్క జంతువును రానియ్యలే. పిల్లిని ఎల్లగొట్టిన. నిన్న కాకిని గూడ."

"మరి... బర్రెలు?"

"బర్లేంది?"

"బర్రెలు అక్కడే ఉంటాయి కదండీ?"

"బర్లు కొట్టంల గాకపోతే ఏడుంటయ్?" మైసయ్యకు ఈ కుర్రవాడి చదువు మీద మొదటిసారి అనుమానం వచ్చింది.

"అవి జంతువులే కదండీ."

మైసయ్య అతణ్ణి జాలిగా చూశాడు. "జంతువులు జూ పార్కుల ఉంటయ్ సారూ. పులులు, ఎలుగుబంట్లు. కుక్కలు, పిల్లులంటే సరే, మీరు అంటున్నరు గావట్టి. చంద్రి జంతువెట్ల అయితది? ఇంటి మనిషి అది."

ముందు నవ్వింది నందు. క్యాన్ల మధ్య కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. "తొమ్మిది రోజులు... కాకిని గూడ ఎల్లగొట్టి... నాలుగు బర్ల నడుమ కూసున్నడు!" బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రవణ్ కూడా తట్టుకోలేకపోయాడు. యశోద నవ్వుతూ నవ్వుతూ, ఎక్కడో మధ్యలో, రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. ఆ భుజాలు ఊగడం నవ్వు కాదని మైసయ్య ఒక్కడే కనిపెట్టాడు.

"ఏందే? ఏం తప్పు చేసిన?"

"ఏం చెయ్యలే బాపూ. నువ్వేం తప్పు చెయ్యలే," అంది కళ్లు తుడుచుకుని.

"ఇది చాలా తేలిక అండీ," అన్నాడు శ్రవణ్ హుషారుగా. "మేడమ్‌కి జరిగింది చెప్తాం. చెప్పడమే కాదు, చూపించాలి. ఒక్క మూడు పొద్దులు, ఇదే గంట, ముందుగదిలో కూర్చోండి. కొట్టం తలుపు మూసి, మిశ్రీని బయట ఉంచి. నిజంగా ఏ జంతువూ లేకుండా. అప్పుడు గీత వేరేలా వస్తే, తొమ్మిది రోజుల గీత బర్రెల వల్లనే వచ్చిందని తేలిపోతుంది. యశోద మీద మాటే ఉండదు."

మైసయ్య ముఖంలో రంగు మారింది. ముందుగది. కొట్టం తలుపు మూసి. ఈ మూడేళ్లలో ఆ గదిలో ఒంటరిగా తాను ఎన్ని నిమిషాలు ఉండగలిగాడు? బాలమ్మ ఎవరిదో పెళ్లికి పోయిన రోజు ఆరు నిమిషాలు లెక్కపెట్టాడు. ఆ గది గోడల మీదికి గల్లీ మలుపు దానంతటదే నడిచి వస్తుంది. అప్పుడు ఒళ్లు చేసేదంతా ఆ డబ్బీ రాసుకుంటుంది. గీత గీసి చూపిస్తుంది. చదువుకున్నవాళ్లు చుట్టూ నిలబడి చూస్తారు.

"నాతోని కాదు," అన్నాడు.

"రోజుకు ఒక్క గంటే బాపూ."

"కాదంటున్న గదా. మోకాళ్లు నొస్తయ్."

"కుర్చీలో కూర్చోవడమే కదండీ, మోకాళ్లకేం..." శ్రవణ్ మాట పూర్తి కాలేదు.

"ఏం మోకాళ్లు!" నందు లేచి నిలబడ్డాడు. నవ్వు ఎప్పుడో పోయింది. "నాలుగు బర్ల కాడ గొంతుకూసుండి పాలు పిండుతవ్. గప్పుడు నొయ్యవా? ఉస్మాన్‌గంజ్‌ల బర్లకు పత్తిచెక్క తెస్తుంటే సేటు రోజు అడుగుతడు, మైసయ్య భాయ్ కహాఁ గయే, ఏడ పోయిండు అని. మోకాళ్లు అని చెప్పి చెప్పి నా నోరు నొస్తున్నది. మూడేండ్ల సంది ఇంట్ల అందరం నాటకం ఆడుతున్నం బాపూ. నీ ఇజ్జత్ కోసం ఆడుతున్నం. గిప్పుడు చెల్లె ఇజ్జత్ పోతున్నది. గంట సేపు కూసోలేవా?"

"నందూ!" అంది బాలమ్మ.

"బయటోని ముంగట తండ్రిని గిట్ల అంటవా? సిగ్గు లేదా నీకు?" మైసయ్య కుర్చీ వెనక్కి తోసి లేచాడు. మిశ్రీ కూడా లేచింది. అది తనవైపు రావడం చూసి, "నువ్వొకతివి, పో!" అని కసిరి, కొట్టంలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

చంద్రి తల తిప్పి చూసి, మళ్లీ నెమరులో పడింది. అతను దాని మెడకు నుదురు ఆనించాడు. కోపం ఎవరి మీద? కొడుకు అన్నదాంట్లో ఒక్క మాట అబద్ధం లేదు. నిజం చెప్పినవాడి మీద వచ్చే కోపం అన్ని కోపాలకన్నా వేడిగా ఉంటుందని అతనికి ఆ క్షణంలో తెలిసింది. తెలిసినా చల్లారలేదు.

తలుపు కిర్రుమంది. యశోద వచ్చి చంద్రికి అటువైపు, గడ్డి మోపు మీద కూర్చుంది. బర్రె వీపుకు ఇటు తండ్రి, అటు కూతురు. అతనికి ఆమె పాదాలు మాత్రం కనబడుతున్నాయి.

"నువ్వు కూసోకున్నా నడుస్తది బాపూ," అంది. "మేడమ్‌కు నేను సమజ్ చేస్త. ఫికర్ చెయ్యకు."

అతను చంద్రి మెడ నిమిరాడు.

"నీకొకటి చెప్పనా? గీ పనికి ఎంచుకునే నాడు అందర్ని అడిగిన్రు, ఎందుకు గీ సబ్జెక్టు అని. ఒకలు మా ఇంట్ల కుక్కపిల్ల ఉండె అన్నరు, ఒకలు గుర్రపుస్వారి అన్నరు. నేను నీ గురించి చెప్పిన."

"నా గురించి ఏం చెప్పినవ్?"

"చిన్నాయన చచ్చిపోయిన నాడు, నేను ఏడో తరగతిల ఉన్న, ఇంట్ల అందరు ఏడుస్తున్నరు. నువ్వు లేవు. ఎతుక్కుంట గీడికొచ్చిన. నువ్వు గిట్లనే బర్రెకు తల పెట్టి నిలవడ్డవ్. ఏడుస్తున్నవనుకున్న. దగ్గరికొచ్చి చూస్తే, అది ఊపిరి తీస్తే నువ్వు తీస్తున్నవ్, అది ఇడిస్తే నువ్వు ఇడుస్తున్నవ్. గది చూసినంక నాకు భయం పోయింది. గిదేంది, గిట్ల ఎందుకైతదని గప్పటి సంది అడుగుతనే ఉన్న. గా అడుగుడే గిప్పుడు నా చదువు."

చంద్రి దీర్ఘంగా ఊపిరి వదిలింది.

"నా పేరు చెప్పినవా అండ్ల?" అన్నాడు మైసయ్య.

"చెప్పిన. నలభై మంది ముంగట. మైసయ్య, మా బాపు, బర్లు కాస్తడు అని."

"ఇంగ్లీషుల బర్రెనేమంటరు?"

"బఫెలో."

"బఫెలో," అన్నాడు మైసయ్య లోగొంతుకలో. నలభై మంది చదువుకున్నవాళ్లు కుర్చీల్లో కూర్చుని తన పేరు వినడం ఊహించుకున్నాడు. ఛాతీలో ఏదో వెచ్చగా పైకి లేచింది. చాయ్ హోటల్లో నవ్వినవాళ్ల ముఖాలు ఆ వెచ్చదనంలో ఒక్కొక్కటిగా చెరిగిపోయాయి.

"నిన్న మేడమ్ అడిగింది," యశోద ఇంకా చెబుతోంది, "మీ నాన్నగారు అన్నీ సరిగ్గా చెప్పారా, ఏమైనా దాచారా అని. నేనేమన్ననో ఎర్కేనా? మా బాపు నలభై ఏండ్ల సంది పాలల్ల చుక్క నీళ్లు కలపలే, మాటల అబద్ధం కలపడు అన్న. గంతే, ఇగ ఆమె ఏమనలే."

ఆ వెచ్చదనం అలాగే ఉండిపోయింది గాని, దాని మధ్యలో సూది దిగింది. పన్నెండు ప్రశ్నలు. పన్నెండు సార్లు లేదు. నలభై ఏళ్లు పాలలో కలపని నీళ్లన్నీ ఒక్క కాగితంలో కలిపాడు. బిడ్డ దాని మీద తన మాట పణంగా పెట్టింది. గీత తిరగబడటానికి బర్రెలొక్కటే కారణం కాదు. సాయంత్రం గంటలో దడ ఎందుకొచ్చిందో ఆ కాగితం చూసి ఎవరికీ తెలియదు. తెలియకుండా కాపలా కాసింది తానే.

"బిడ్డా," అన్నాడు. బర్రె వీపు అడ్డం ఉన్నందుకు మనసులో దానికి దండం పెట్టుకున్నాడు. "నవాబు పడ్డ నాడు... నేను రోడ్డు మీద కూసున్న. దాని తల నా ఒళ్లె ఉంది. బ్యాండోళ్లు ఆపలే. వాళ్లకు తెల్వదు పాపం, కొడుతనే ఉన్నరు. అది నన్నే చూస్తున్నది. నేనేం చెయ్యలే. చెయ్యి లేస్తలేదు. గా మలుపుకాడికి పోతే గిప్పటికీ చెయ్యి లేవది. ఊపిరి రాదు. మోకాళ్లు కాదు బిడ్డా. భయం. గా కాగితంల పన్నెండుసార్లు అబద్ధం చెప్పిన."

అటువైపు పాదాలు కదిలాయి. యశోద చంద్రి ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఏమీ అనకుండా అతని పక్కన నేల మీద కూర్చుంది. తల అతని మోకాలికి ఆనించింది. నొప్పి లేని ఆ మోకాలు తడిసింది.

"ఎర్కే బాపూ," అంది. "నువ్వు చెప్పేదాంక నాది కాదు గదా చెప్పేది."

తలుపు సందులో బాలమ్మ కొంగు కనబడి, మాయమైంది.

ఆ సాయంత్రం ఆమె అలవాటుగా నూనె వేడిచేసి తెచ్చింది. అతనూ అలవాటుగా కాళ్లు చాపాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బాలమ్మ గిన్నె పక్కన పెట్టి, "ఇగ కూరలకన్న వాడుకుంట తీ. ఎంత నూనె తాగినయయ్యా నీ మోకాళ్లు!" అంది. మైసయ్యకు నవ్వొచ్చింది. మూడేళ్లలో తనను చూసుకుని తాను నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున పాలు పిండడం అయిపోయింది. నందు క్యాన్లు ఎక్కిస్తూ, "బాపూ, నిన్న నేను..." అని మొదలుపెడితే, "పత్తిచెక్క అయిపోయింది, యాది మర్వకు. సేటు అడిగితే మోకాళ్లు అనకు," అన్నాడు మైసయ్య. "మరేమనాలె?" "వస్తడు అని చెప్పు." నందు తండ్రి భుజం మీది గడ్డిపోచ తీసేసి వెళ్లిపోయాడు.

ఏడు కావస్తోంది. యశోద వంటింటి గడపలో నిలబడి ఉంది. పిలవలేదు, రమ్మనలేదు. మైసయ్య కొట్టం నుంచి బయటికి వచ్చి, తలుపు తానే మూశాడు. గడియ బిగుసుకుపోయి ఉంది. పగటిపూట దాన్ని వేసి మూడేళ్లయింది. అరచేత్తో కొట్టి దించాడు. లోపల నుంచి చంద్రి ఒకసారి అరిచింది. మిశ్రీ మెడపట్టీ బాలమ్మ చేతికిచ్చాడు. "వరండాల కూసోండ్రి ఇద్దరు," అని, ముందుగదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాడు.

గదిలో ఏ చప్పుడూ లేదు. ఒక కుర్చీ, గోడ మీద క్యాలెండరు, ఆ పక్కన పటంలో గవ్వల పట్టెడతో నవాబు. బనియను కింద పట్టీ సర్దుకున్నాడు. మలుపు అప్పుడే వచ్చేసింది. బొత్తాం దగ్గరికి చెయ్యి పోకముందే వేళ్ల చివర్లు చల్లబడ్డాయి, ఊపిరి పొట్టిగా తెగుతోంది. ఇదే కదా వాళ్లకు కావలసింది, అనుకున్నాడు. ఏదీ కలపని పాలలా, ఉన్నది ఉన్నట్టు. నలభై మందికి కాదు, నాలుగు వందల మందికి చూపించుకోనీ. పదకొండో నంబరు ఎవరని అడిగితే, మా బాపు అని చెప్పుకోనీ.

తలుపు అవతల గోళ్లతో గీరిన చప్పుడు. ఒకసారి, మళ్లీ ఒకసారి, తరవాత సన్నని మూలుగు. చూడకుండానే, మూసిన తలుపు వెనక నుంచి కూడా, మిశ్రీ అతని ఊపిరి మారిందని పసిగట్టేసింది.

"ఉన్న బిడ్డా, ఉన్న," అన్నాడు మైసయ్య ఆ తలుపుతో. ఆ మాట కుక్కతో అన్నానని గమనించి, దాన్ని వెనక్కి తీసుకోలేదు. "నీ డ్యూటీ ఒక గంట ఆగినంక."

వేలు బనియను మీద తడిమి డబ్బీని పట్టుకుంది. గడియారంలో సరిగ్గా ఏడు. అతను బొత్తాం నొక్కాడు.